ముగ్గులో లేని మనిషి

నర్సయ్యకు సైతం ఒక ఎండుమిరపకాయ పెట్టినవాళ్ళు తనకేమీ పెట్టలేదంటే ఏమనుకోవాలి? మరిచిపోయారనుకోవడానికి లేదు. తన భార్య సాలమ్మ దేన్నీ మరిచిపోయే మనిషి కాదు. ఎవరి పెళ్ళిలోనో తన విస్తరి దాటిపోయి పక్క విస్తట్లో కూర వడ్డించినవాడి మొహం కూడా ఆమెకు ఇప్పటికీ గుర్తే. అంటే కావాలనే పెట్టలేదు. కావాలనే పెట్టలేదంటే తన సంగతి చాటుగా, వేరేగా చూసుకుంటున్నారన్న మాట. లేదా తనను లెక్కలోంచే తీసేశారు. ఈ రెండింటిలో ఏది పెద్ద అవమానమో గండయ్యకు తేలలేదు.

తెప్ప ఒక పక్కకు ఒరిగింది. థర్మాకోల్ పలకలను తాళ్ళతో బిగించి పైన గోనెపట్టా కుట్టిన తెప్ప అది. దాని మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని వల తాడు లాగుతున్నాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. వల కండ్లలో ఇరుక్కున్న చేపను మొప్పల దగ్గర పట్టుకుని, తోక వైపు నుంచి కాక తల వైపు నుంచి జారవిడిస్తే పొలుసు రాలదు, వల చిరగదు. ఆ పని మీద ధ్యాస పెట్టనక్కరలేదు. ధ్యాస పెట్టనక్కరలేకపోవడమే ఇవాళ అతని ప్రాణానికి వచ్చింది. చెరువు మీద మంచు ఇంకా తేలలేదు. అవతల మేడ్చల్ దిక్కున ఫ్యాక్టరీల దీపాలు పసుపుగా మసకగా ఉన్నాయి.

నిన్న సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వాకిలి నిండా ముగ్గు. పండగ ముగ్గు కాదు. ఒకదానిలో ఒకటి పెద్ద పెద్ద గుండ్రాలు. చుట్టూ వాడలోని ఆడవాళ్ళు గొంతుక్కూర్చున్నారు. మధ్యలో సుచిత్ర చౌరస్తా నుంచి స్కూటీ మీద వచ్చే మాధవీలత. ఏదో ఆడవాళ్ళ సంస్థలో పనిచేస్తుంది.

"నడుమ ఉన్నది మనకు కావలసింది. చెరువు సంఘంలో ఆడవాళ్ళకు సభ్యత్వం," అంటోందామె. "అది ఎవరి చేతుల ఉంది? వాళ్ళు ఎవరి మాట వింటరు? మనకు అడ్డమొచ్చేదెవరు? ఒక్కొక్కరికి ఒక్కొక్క వస్తువు పెట్టండి. దగ్గరోళ్ళు లోపల, దూరపోళ్ళు బయట."

పెట్టారు. ఎమ్మెల్యేకు కొబ్బరికాయ. జిల్లా చేపల ఆఫీసరుకు కళ్ళద్దాల డబ్బా. సంఘాల నియమాలు తిరగరాయడానికి సర్కారు వేసిన కమిటీకి బోర్లించిన చెంబు. ఒకప్పటి సర్పంచి, ఇప్పుడు ప్లాట్లు అమ్ముతున్న జనార్ధన్‌కు ఇటుక ముక్క. సంఘం ఉపాధ్యక్షుడు నర్సయ్యకు ఎండుమిరపకాయ. "ముట్టకుండ్రే, మండుతడు," అని ఎవరో అంటే అందరూ పడిపడి నవ్వారు. తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నట్టే ఉండి, కడిగిన కాలే మళ్ళీ కడుగుతూ గండయ్య ముగ్గంతా కళ్ళతో వెతికాడు. ఈదులకుంట చెరువు సంఘం అధ్యక్షుడు అందులో ఎక్కడా లేడు.

తెప్ప గట్టుకు తగిలింది. తాడు అందుకోవడానికి కిందికి దిగిన సాయినాథ్, "ఏంది పెదనాయినా, పరేషాన్‌ల ఉన్నవ్?" అన్నాడు.

"సలికి," అన్నాడు గండయ్య.

*

పట్టిన చేపంతా టార్పాలిన్ మీద పరిచాక కుప్పలు పెట్టడం ఉపాధ్యక్షుడి పని. ఎంతమంది సభ్యులుంటే అన్ని కుప్పలు. పెద్దవి, చిన్నవి, బొచ్చె చేపలు, రవ్వ చేపలు చూసి చూసి కలిపి, ఏ కుప్ప చూసినా ఒకటే అనిపించేలా పెడతాడు. నర్సయ్యకు ఎన్ని అవలక్షణాలున్నా కుప్పలు పెట్టడంలో మాత్రం ఎవరూ వేలెత్తి చూపలేదు. ఆ తరువాత అధ్యక్షుడు వెనక్కి తిరిగి నిలబడతాడు. కుప్పలు అతనికి కనబడకూడదు. నర్సయ్య ఒక కుప్ప మీద కట్టె ఆనించి "ఇదెవలది?" అంటాడు. అధ్యక్షుడు నోటికొచ్చిన పేరు చెబుతాడు. ఎవరి పేరు వస్తే ఆ కుప్ప వాళ్ళది. ఇంతకు మించిన న్యాయం ఈ గట్టు మీద ఎవరికీ తెలియదు.

గండయ్య చెరువుకు వీపు తిప్పి రోడ్డు వైపు మొహం పెట్టి నిలబడ్డాడు. వెనక ఎవరెవరున్నారో చూడకుండానే తెలుస్తుంది. కుప్పల అవతల, ఆడవాళ్ళ వరసలో, అందరికన్నా చివర ముత్తమ్మ ఉంటుంది. నడుం మీద అల్యూమినియం బేసిన్. హోలీకి ముందు భర్త పర్వతాలు గుండెనొప్పితో పోయినప్పటి నుంచి ఆమె కుప్ప ఆగిపోయింది. సభ్యుడు పోతే ఆ చోటు కొడుకుకు వస్తుంది. వాళ్ళకు ఉన్నది బిడ్డ. బిడ్డ అత్తగారింట్లో ఉంది. నియమం ప్రకారం ముత్తమ్మ ఇప్పుడు ఈ చెరువుకు ఏమీ కాదు. అయినా పట్టిన ప్రతిసారీ వస్తుంది. ఏమీ అడగదు. పంపకం అయిపోయాక సభ్యుల దగ్గర కొని, శామీర్‌పేట రోడ్డు మీద కూర్చుని అమ్ముకుంటుంది.

"ఇదెవలది?"

"ఈదయ్యది."

"ఇదెవలది?"

"సాయినాథ్‌ది."

రోడ్డు మీద కంపెనీ బస్సు పోతోంది. కిటికీల దగ్గర నిద్రమొహాలు. అందులో తన కొడుకు జైపాల్ ఉన్నాడేమో అనుకున్నాడు. వాడిది పొద్దటి షిఫ్టు. వాడికీ ఇక్కడ కుప్ప ఉంది. వాడు వల ముట్టుకుని ఎన్నాళ్ళయిందో.

"ఇదెవలది?"

"పర్వతాలుది."

ఆ పేరు గాలిలోకి వెళ్ళిపోయాక గానీ తన నోటి నుంచి వచ్చిందని గండయ్యకు తెలియలేదు. ఇన్నేళ్ళుగా ఈదయ్య తరువాత సాయినాథ్, సాయినాథ్ తరువాత పర్వతాలు. నాలుక తన దారిన తాను నడిచింది. వెనక మాట ఆగిపోయింది. బేసిన్‌కు గాజులు తగిలిన చప్పుడు, తడి మట్టిలో రెండడుగులు వేసిన చప్పుడు వినబడ్డాయి. ఆ అడుగులు ఎవరివో చూడడానికి గండయ్యకు ధైర్యం చాలలేదు.

"ఏమే అధ్యచ్చా," నర్సయ్య గొంతు, "సచ్చినోడు పైకెంచి దిగొచ్చి కుప్ప కొంటవోతడా?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"ఒక పేరెక్కువైతె ఒక్కని కుప్ప తక్కువైతది. మల్ల మొదటిసంది షురూ జెయ్యి."

గండయ్య తిరిగి చూశాడు. ముత్తమ్మ కుప్ప ముందు నిలబడి ఉంది. బేసిన్ అప్పటికే నేల మీద పెట్టింది. చేపల వైపు వంగబోయిన మనిషి అలాగే సగంలో ఆగి, మెల్లగా నిటారుగా లేచి, బేసిన్ తీసి మళ్ళీ నడుం మీద పెట్టుకుంది. కొంగుతో మొహం తుడుచుకోలేదు. తలదించుకోలేదు.

"నేనేమన్న అడిగిన్నా బావా," అంది నర్సయ్యతో. "పేరు పిలిస్తె పలికిన. గంతే."

పేర్లు మళ్ళీ మొదటి నుంచి పిలిచారు. ఈసారి గండయ్య ఒక్కొక్క పేరునూ పట్టి పట్టి, కొత్తగా నేర్చుకున్నవాడిలా పలికాడు.

*

మధ్యాహ్నం అరుగు మీద చిరిగిన వల పరుచుకుని కూర్చున్నాడు. వాకిట్లో ఆడవాళ్ళు మళ్ళీ చేరారు. ముగ్గు నిన్నటిదే. తొక్కకుండా పక్కల నుంచి నడుస్తున్నారు. కొబ్బరికాయ మాత్రం బయటి గుండ్రంలోకి పోయింది. ఎమ్మెల్యేకు ఇప్పుడే చెప్పి లాభం లేదని, కమిటీ రాసుకున్నాక పోతే ఆయనే తన గొప్పగా చెప్పుకుంటాడని తేల్చారట.

మాధవీలత పని తీరు గండయ్యకు నచ్చకపోలేదు. చెప్పేది తక్కువ. అడిగి ఊరుకుంటుంది. ఎవరూ మాట్లాడకపోయినా తొందరపడదు. వల విసిరి మునిగేదాకా ఆగే మనిషిలా ఉంది అనుకున్నాడు. వెంటనే ఆ మెచ్చుకోలు మీద తనకే అనుమానం వచ్చింది.

"గురువారం కమిటీ కలెక్టరాఫీసుకు వస్తది," అంది మాధవీలత. "ఉత్త దరఖాస్తులు మస్తుగ వస్తయి వాళ్ళకు. సంఘం తీర్మానం జతచేసిన దరఖాస్తు అయితే చర్చకు తీసుకోవాల్సిందే. కాబట్టి ముందర కావలసింది తీర్మానం. రేపు బుధవారం సంఘం కూసుంటది. తీర్మానం పెట్టేది సభ్యుడే పెట్టాలె. ఎవరు పెడతరు?"

"మా సాయినాథ్ పెడతనన్నడు," అంది ఈదమ్మ, సాయినాథ్ తల్లి. "పెట్టకపోతె ఇంట్ల బువ్వ లేదన్న."

"బలవంతంగ గాదమ్మా."

"బలవంతం ఎక్కడిదమ్మా, బువ్వ మాటన్న," అంది ఈదమ్మ. అందరూ నవ్వారు.

తరువాత సాధన కోసం ముత్తమ్మను నిలబెట్టారు. కమిటీ ముందు మాట్లాడేది ఆమే. గండయ్య కోడలు దీప కమిటీ అయింది. స్టూలు మీద కూర్చుని కాలు మీద కాలేసుకుని, "ఆఁ, చెప్పమ్మా, జల్దీ చెప్పు, మాకు ఇంకో మీటింగుంది," అంది. దీప డిగ్రీ చదివింది. ఆదివారాలు అత్తతో కలిసి రోడ్డు మీద చేపలు అమ్ముతుంది. ఆఫీసర్లు ఎట్లా మాట్లాడతారో ఆమె నోట్లో అచ్చు గుద్దినట్టు ఉంది.

ముత్తమ్మ చేతులు కట్టుకుంది. విప్పింది. "నా పెనిమిటి పర్వతాలు..." అంది. పొద్దున గట్టు మీద ఆగిన కన్నీళ్ళు ఇక్కడ, తనవాళ్ళ మధ్య, ఆగలేదు. ఈదమ్మ లేచి దగ్గరికి తీసుకోబోయింది.

"వద్దు, ఇడువు," అంది సాలమ్మ. ఆమె మెట్టు మీద కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తోంది. తల ఎత్తలేదు. "ముత్తమ్మా, నువ్వు ఏడిస్తె వాళ్ళు పింఛిని రాస్తరు. మనమడిగేది పింఛిని గాదు. మనమడిగేది చెరువు. పొద్దుగాల నర్సయ్య ముంగట ఎట్ల నిలవడ్డవో గట్ల నిలవడు. గదే మాట చెప్పు."

"ఏ మాటక్కా?"

"పేరు పిలిస్తె పలికిన అన్నవ్ గదా. మా పేరు పిలువుండ్రి, పలుకుతం. గింతే అను. ఇంకేం వద్దు."

వల కన్ను వేస్తున్న గండయ్య చేయి ఆగింది. ఇరవై ఏళ్ళుగా సంఘం మీటింగుల్లో మాట్లాడుతున్నాడు తను. ఒక్క మాటను అంత బరువుగా ఎన్నడన్నా పెట్టగలిగాడా? ఛాతీలో ఏదో వెచ్చగా పాకింది. అది గర్వమని గుర్తుపట్టేలోపు, దాని వెనకే ఇంకొకటి వచ్చి కూర్చుంది. ఇంత ఉపాయం తెలిసిన మనిషి తన మీద మాత్రం ఏ ఉపాయం పన్నకుండా ఉంటుందా?

అప్పుడే దీప చాయ్ తెచ్చింది. "మామా, అల్లమేసిన."

అల్లం. రోజూ వేస్తుందా? గండయ్యకు గుర్తు రాలేదు. గుర్తు రాకపోవడంతో అనుమానం ఇంకాస్త బలపడింది. చాయ్ బాగుంది. బాగుండటం కూడా కుట్రలో భాగంలానే అనిపించింది.

"నీ మోకాలుకు నూనె గూడ తెచ్చిన మామా, మందుల షాపుల."

"నా మోకాలుకేమైంది? ఏం గాలే," అన్నాడు కసురుగా. దీప ఒకసారి అతని మొహంలోకి చూసి, సీసా అరుగు మీద పెట్టి వెళ్ళిపోయింది. అతనికి నొప్పి ఎడమ మోకాలులో. మూడు రోజుల నుంచి ఉంది. ఎవరికీ చెప్పలేదు. కుంటుతున్నట్టు ఆ పిల్ల చూసి ఉంటుంది. చూడటం ప్రేమా, లేక నిఘానా? ఒకే పనిలో రెండూ ఉంటాయా? ఉంటే ఏది ఎంత పాలు?

వల మీద వేసిన కన్ను వదులుగా పడింది. విప్పి మళ్ళీ వేశాడు.

*

మరునాడు నైలాన్ దారం కోసం మేడ్చల్ వెళ్ళాడు. దుకాణంలోంచి బయటికి వస్తుంటే పక్క హోటల్ ముందు ఆగి ఉన్న తెల్లకారు అద్దం కిందికి దిగింది.

"గండయ్యా, ఇటు రా. చాయ్ తాగుదువు."

జనార్ధన్. తెల్లచొక్కా, చేతికి దారాలు. కారులోనే కూర్చున్నాడు. గండయ్య బయట నిలబడ్డాడు. హోటల్ పిల్లవాడు ఇద్దరికీ కప్పులు తెచ్చాడు.

"ఏందయా, మీ ఆడోళ్ళు మస్తు హుషారైండ్రట?"

"ఏదో మాట్లాడుకుంటున్నరు పటేలా."

"మాట్లాడుకుంటె మాట్లాడుకోని. నేనొద్దంటనా? కని జెర ఆలోచన జెయ్యి. ఇయ్యాల సంఘంల ఉన్నది మీరు మగోళ్ళు. రేపు ఇంటికో ఆడమనిషి జేరితె అధ్యక్షుడు ఎవలైతరు? నువ్వయితవా?" అని నవ్వాడు. "నీ ఇంట్లకెంచే నీ కుర్చి పోతది. మల్ల నర్సయ్య ఊకుంటడా? గా తీర్మానం నువ్వు ముంగటేసుకున్నవంటే అవిశ్వాసం పెడతనని నా దగ్గర అన్నడు. నేనే సముదాయించిన."

గండయ్య చాయ్ ఊదుకున్నాడు.

"గీ తీర్మానం జెర పక్కకు పెట్టు. రోడ్డు మీద మీ ఆడోళ్ళకు రేకుల షెడ్డు నేనేయిస్త. ఎండకు వానకు కూసుంటరు. నీ పేరే రాయిద్దాం బోర్డు మీద."

"నా పేరా?"

"నీ పేరే. నాకెందుకు పేరు?"

గండయ్య నిజంగానే ఒక్క క్షణం బోర్డు చూశాడు. నీలం మీద తెల్లక్షరాలు. అది కళ్ళ ముందుకు అంత తేలిగ్గా వచ్చినందుకు సిగ్గుపడ్డాడు. ఇతను కూడా ముగ్గు వేసుకుని కూర్చున్నాడు. ఈ ముగ్గులో మాత్రం తనకు ఒక వస్తువు పెట్టాడు. ఏం పెట్టి ఉంటాడు? బోర్డుకు లొంగే మనిషికి ఏ వస్తువు పెడతారు?

"పోనీ నీకిష్టం లేకుంటె నేనేం జేస్త," అని జనార్ధన్ గొంతు తగ్గించాడు. "నాకు ఇంట్ల గూడ నిమ్మలం లేకుంటయింది గండయ్యా. మా ఇంటామె పద్మమ్మ ఆదివారం మీ సాలమ్మ దగ్గర కొర్రమీను కొననీకి పోయింది. పది నిమిషాలు చేప కోసుకుంట ఏం నూరిపోసిందో ఏమో. ఇంటికొచ్చి, 'నేను దినాం నాట్లేయించిన, కలుపు తీయించిన, మరి గా పొలంల నేనేమైత, రేపు నువ్వు పోతె నన్నెవలు పిలుస్తరు' అని మొదలువెట్టింది. నాలుగు దినాలైంది. కూరల ఉప్పు లేదు."

గండయ్య కప్పు వెనక మొహం దాచుకున్నాడు. నవ్వు కడుపులోంచి ఎగదన్నుతోంది. ఇటుక ముక్క పక్కన సాలమ్మ ఒక చిన్న పసుపు కొమ్ము పెట్టడం ముగ్గు వేసిన సాయంత్రం చూశాడు. ఏమిటో అర్థం కాలేదప్పుడు. అది పద్మమ్మ అన్నమాట. సాలమ్మ చేప ఊరికే ఇచ్చి ఉండదు, ఒక్క రూపాయి తగ్గించి ఉండదు, బతిమాలి ఉండదు. పొలుసు తీస్తూ తీస్తూ ఒక ప్రశ్న అడిగి ఉంటుంది, అంతే.

"నవ్వుతున్నవా?"

"లే పటేలా. చాయ్ మస్తు వేడున్నది."

బండి మీద తిరిగి వస్తూ గౌడవెల్లి దాటేదాకా నవ్వుకుంటూనే ఉన్నాడు. దాటాక నవ్వు ఆగిపోయింది. పటేలు ఇంట్లోకి దారి కనుక్కున్న మనిషి తన ఇంట్లో తన దాకా రాలేదు. ఎందుకు?

*

అడగకూడదనుకున్నాడు. అడిగితే తన విలువ పోతుంది. బుధవారం పొద్దు గూకుతోంది. మీటింగుకు ఇంకా వేళ ఉంది. సాలమ్మ పెరట్లో కత్తిపీటకు పదును పెడుతోంది. రాతి మీద నీళ్ళు చల్లడం, ఇనుము గీరడం, మళ్ళీ నీళ్ళు. గండయ్య తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు.

"ఏందయ్యా, తేలు కుట్టినట్టు?"

"ఏం లే."

గీరుడు చప్పుడు.

"గా ముగ్గుల," అన్నాడు, "అందరికి పెట్టిండ్రు."

"పెట్టినం."

"నర్సయ్యకు మిరపకాయ పెట్టిండ్రు."

"పెట్టినం. అయితే?"

"నాకేం పెట్టలే."

సాలమ్మ చేయి ఆగింది. తల తిప్పి చూసింది. నవ్వు రావడానికి కాసేపు పట్టింది. ముందు కళ్ళలోకి వచ్చి, తరువాత ముడతలన్నిట్లోకీ పాకింది.

"ఓరి నీ బండవడ! మూడు దినాలసంది గిదేనా నీ రంది? నేను మోకాలు నొప్పనుకున్న."

"నవ్వకు. అధ్యక్షున్ని. నా ఇంటి ముంగట ముగ్గేసి నన్నే..."

"గా పిల్ల అడిగింది. మాధవీలత. అధ్యక్షునికేం పెడదామక్కా అని. నేనే వద్దన్న."

"గదే. ఎందుకు?"

"ముగ్గుల పెట్టేది ఒప్పియ్యాల్సినోళ్ళను. నిన్ను ఒప్పిచ్చేదేంది? నువ్వు ముగ్గేసినోళ్ళ దిక్కు." మళ్ళీ గీరడం మొదలుపెట్టింది. "మా ఇంటాయన మాట నేనిస్తున్న అని మొదటి దినమే చెప్పిన వాళ్ళకు."

"నన్నడగకుంటనేనా?"

"అడిగితె ఆలోచన జేస్తవ్. ఆలోచన జేస్తె భయపడ్తవ్. ఎందుకు పరేషాన్ జేసుడు అనుకున్న."

కోపం తెచ్చుకోవాలని చూశాడు. అది దగ్గరికి వచ్చి వెనక్కి పోయింది. "మరి చాయ్‌ల అల్లం?" అన్నాడు చివరికి.

"అల్లమేంది?"

"దీప... నిన్న..."

"అల్లం ఎండిపోతాంది, పారేసుడెందుకని ఏసింది. నీకేమన్న తిక్క లేసిందా?"

ఆమె లేచి కత్తిపీట మీద బొటనవేలు ఆనించి పదును చూసుకుంది. లోపలికి వెళ్ళిపోయింది. గండయ్య చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. తనను పొగిడి ఒప్పిస్తారని, బతిమాలతారని, ఏడుస్తారని ఎదురుచూశాడు. వాటన్నిటికీ జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాడు. ఎవరూ ఏమీ చేయలేదు. ఒక మనిషి అతని తరఫున మాట ఇచ్చి, ఇచ్చినట్టు అతనికి చెప్పడం కూడా అవసరమనుకోకుండా ఉల్లిగడ్డలు కోసుకుంది. ముగ్గులో ఒక రాయి అయి ఉంటే ఇటో అటో జరగవచ్చు. ఇప్పుడు జరగడానికి చోటు లేదు. అది అతనికి బరువుగా ఉంది. ఆ బరువు దించుకోవాలని మాత్రం అనిపించలేదు. భుజాలు వాటంతట అవే నిటారుగా అయ్యాయి.

*

సంఘం గది ఒకటే. నేల మీద జంపఖానా, గోడ దగ్గర ఒకే ఒక కుర్చీ. కుర్చీలో గండయ్య. జంపఖానా మీద సభ్యులు. ఆడవాళ్ళకు లోపలికి రావడానికి లేదు కాబట్టి వాళ్ళు కిటికీ బయట నిలబడ్డారు. వీధిదీపం వెలుతురులో మొహాలు సగం సగం కనబడుతున్నాయి. మాధవీలత దూరంగా, స్కూటీ పక్కన ఆగిపోయింది. ఇది మీ ఇంటి మాట, నేను ముందుకు రాకూడదు అని ఆమే అందట.

పాత పద్దులు చదవడం అయింది. గండయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఇగ, సభ్యత్వం సంగతి. ఎవలన్న తీర్మానం పెట్టేదుంటే పెట్టుండ్రి."

అందరూ సాయినాథ్ వైపు చూశారు. సాయినాథ్ సెల్‌ఫోన్ వైపు చూస్తున్నాడు. చెవులు ఎర్రబడి ఉన్నాయి. పొద్దుననే వాడికి జనార్ధన్ వెంచర్‌లో సూపర్‌వైజర్ పని దొరికిందని ఇక్కడ కూర్చున్న అందరికీ తెలుసు. కిటికీ దగ్గర ఈదమ్మ కొడుకు పేరు పెట్టి పిలవబోయి, నోరు మూసుకుంది.

ఎవరో దగ్గారు. జైపాల్ ఓవర్‌టైమ్ ఉందని షిఫ్టు నుంచి రాలేదు. వచ్చినా ఏం చేసేవాడో గండయ్యకు నమ్మకం లేదు.

"పెట్టేటోడు లేడు," అన్నాడు నర్సయ్య, కాళ్ళు చాపుకుంటూ. "ఇగ లేవుండ్రి. నేను గూడ మాట్లాడేటిది మస్తున్నది, కని పెట్టేటోడే లేకపోతె మాట్లాడుడెందుకు?" గండయ్య వైపు చూసి మూతి వంకరగా నవ్వాడు. "నువ్వే పెట్టరాదే అధ్యచ్చా అందునా? అననీకి లేదు. కుర్చీల ఉన్నోడు తీర్మానం పెట్టొద్దు, ఎటూ మాట్లాడొద్దు, చెయ్యెత్తొద్దు. పోయినేడు నేను మాట్లాడవోతె గీ కానూన్ చెప్పింది నువ్వే. యాదికున్నదా?"

గుర్తుంది. పోయిన ఏడు గండయ్య జ్వరంతో ఉంటే నర్సయ్య కుర్చీలో కూర్చున్నాడు. చేపపిల్లల కాంట్రాక్టు మాటొచ్చినప్పుడు దుప్పటి కప్పుకుని వచ్చి మరీ అతని నోరు మూయించాడు తను.

గండయ్య చేతులు కుర్చీ చేతుల మీద ఉన్నాయి. ప్లాస్టిక్ కుర్చీ. ఒక కాలు కాస్త పొట్టి. ఈ కుర్చీ అంటే తనకు ఇష్టం. ఇష్టం లేదని ఇన్నాళ్ళూ అందరితో అన్నాడు గానీ, ఇష్టం. ఇందులో కూర్చున్నప్పుడు మోకాలు నొప్పి ఉండదు. ఊరు కాస్త కిందుగా కనబడుతుంది. దీన్ని దిగితే ఉపాధ్యక్షుడు ఎక్కుతాడు. ఎక్కినవాడు మళ్ళీ దిగుతాడన్న భరోసా ఏమీ లేదు.

కిటికీలోకి చూశాడు. ముత్తమ్మ నిటారుగా నిలబడి ఉంది. ఆమె పక్కన సాలమ్మ. సాలమ్మ అతని వైపు చూడటం లేదు. దీపతో ఏదో మాట్లాడుతోంది. రేపు శామీర్‌పేట కలెక్టరాఫీసుకు ఏ బస్సుకు పోవాలో, ఎవరెవరు ఏ చీర కట్టుకోవాలో, అలాంటిదే ఏదో. చేతులతో చూపిస్తోంది. ఇక్కడ ఏదో తేలవలసి ఉందని ఆమెకు అనిపించినట్టే లేదు.

తను ఆలోచిస్తున్నాడని గండయ్యకు తెలిసింది. భయపడుతున్నాడని కూడా తెలిసింది. ఎడమ మోకాలు మీద చేయి ఊని లేచి నిలబడ్డాడు.

"నర్సయ్యా," అన్నాడు, "జెర ఇట్లొచ్చి కూసో."

"ఎక్కడ?"

"కుర్చీల."

నర్సయ్య నమ్మలేనట్టు చూశాడు. చుట్టూ చూశాడు. లేచి, భుజం మీద తువ్వాల సర్దుకుని, మెల్లగా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పొట్టికాలు టక్కుమంది. మొహంలో ఒక వెలుగు వచ్చింది. గండయ్య జంపఖానా మీదికి దిగి, సాయినాథ్ పక్కన, కొంచెం జరగమని మోచేత్తో తోసి, కాలు చాపుకుని కూర్చున్నాడు. నేల చల్లగా ఉంది. ఇక్కడి నుంచి కిటికీ ఎత్తుగా, ఆడవాళ్ళ మొహాలు ఇంకా ఎత్తుగా కనబడ్డాయి.

"ఇగ చూడుండ్రి," నర్సయ్య గొంతెత్తాడు, "నేను చెప్పేదేందంటె, ఆడోళ్ళు సంఘంల..."

"కుర్చీల ఉన్నోడు ఎటూ మాట్లాడొద్దు గదనే," అన్నాడు ఈదయ్య వెనక నుంచి, ఆవులిస్తూ.

గది ఒక్కసారి నవ్వింది. కిటికీ బయట కూడా ఎవరో నవ్వారు. నర్సయ్య తెరిచిన నోరు అలాగే ఉంచి, ఈదయ్యను, కుర్చీని, గండయ్యను మార్చి మార్చి చూశాడు. నవ్వు మెల్లగా సద్దుమణిగింది. సాయినాథ్ సెల్‌ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

గండయ్య కుడి చేయి పైకెత్తాడు.